నాలుగు రబ్బరు దిమ్మలు

తొమ్మిదో వారం

వాసవాంబ ఫార్గో లారీకి కొత్త ఇంజన్ వచ్చి ఎనిమిది రోజులయింది. మద్రాసు నుంచి చెక్కపెట్టెలో వచ్చింది. హోసూరులో కృష్ణగిరి రోడ్డు మీదున్న శేషప్ప షెడ్డులో ఆ పెట్టె పలకలు ఊడదీసిన రోజు చూడటానికి పదిమంది దాకా చేరారు. పందొమ్మిదేళ్ళు నడిచిన పెట్రోలు ఇంజన్‌ను శేషప్ప గొలుసు కప్పీతో లేపి బయట దించాడు. దాని చోట ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్ కూర్చోవాలి. ఫ్యాను తగులుతుంటే రేడియేటర్‌ను రెండంగుళాలు ముందుకు జరిపాడు. గేర్‌బాక్సుకూ కొత్త ఇంజన్‌కూ నడుమ పలక చేయించి బిగించాడు. అంతవరకు గొడవ లేదు. గొడవ సోమవారం సాయంత్రం వచ్చింది. ఇంజన్ కాళ్ళ కింద పెట్టడానికి పెట్టెలో నాలుగు రబ్బరు దిమ్మలు వచ్చాయి. డ్రైవర్ వీరాస్వామి వాటిలో ఒకదాన్ని తీసుకుని బొటనవేలితో నొక్కి చూసి, ఇవి వద్దు, ఇనుప పలకలు పెట్టు అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు.

మంగళవారం పొద్దున ఏడు గంటలకు శేషప్ప షెడ్డు తలుపు తీసేసరికి వీరాస్వామి అప్పటికే వచ్చి ఉన్నాడు. పాత టైరు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. కాళ్ళ దగ్గర నేల మీద నాలుగు ఇనుప పలకలున్నాయి. ఒక్కొక్కటి అరచెయ్యంత. బోల్టులకు రంధ్రాలు కూడా వేయించి తెచ్చాడు.

"యాడ చేయించినావన్నా?"

వీరాస్వామి తలెత్తి అతని ముఖం చూశాడు. "కమ్మరి రాజప్ప దగ్గర. నిన్న ఈడనుంచి నేరుగా ఆడికే పోయినాను. కొలత చూడు."

శేషప్ప ఒక పలక తీసుకుని ఇంజన్ కాలికి ఆనించాడు. కొలత సరిపోయింది. పలకను మళ్ళీ నేల మీద పెట్టాడు.

"కొలత బాగుంది. పనే బాగలేదు. ఇది పెట్రోలు ఇంజన్ కాదన్నా. డీజిల్. ఊగుతా ఉంటుంది. రబ్బరు లేకుండా బిగిస్తే ఆర్నెల్లకు కాలు పగులుతుంది. పోత ఇనుము, అతుకు పడదు."

"పాతదానికి పెట్టినావు గదా ఇనుము."

"పెట్టినాను. ఆరేండ్ల కింద రబ్బర్లు అరిగిపోతే, కొత్తవి వద్దని నువ్వే పట్టుబట్టి పెట్టించినావు. అది ముసిలిది. పగిలితే పగలనీ అనుకున్నా."

"పగల్లేదు."

"ఇది పగులుతుంది. పగిలితే కంపెనీవాడు గ్యారంటీ ఇయ్యడు, కాగితంలో రాసినాడు. అప్పుడు అమ్మ నా గొంతు పట్టుకుంటుంది, నీది కాదు."

"తోలేది నేను."

"బండి ఆమెది."

వీరాస్వామి బీడీని నేలకేసి నలిపాడు. శేషప్పకు నవ్వొచ్చింది. "కొత్త కోడలు వస్తే అత్త గిన్నెలు దాచినట్లుంది నీ కత. నాలుగు రోజులు పోనీ, నీకే అలవాటవుతుంది."

శేషప్ప ఈ మాట ఊరికే అనలేదు. ఇరవై రెండేళ్ళుగా లారీలు విప్పుతున్నాడు. ఇంజన్ మారిస్తే డ్రైవర్లు వారం రోజులు ఏదో ఒక వంక పెడతారని అతనికి తెలుసు. ఒకడు కొత్త ఇంజన్ వాసన పడదన్నాడు. ఇంకొకడు స్టీరింగ్ ఎడమకు పోతోందని మూడు రోజులు తిరిగాడు, స్టీరింగ్ ఎవరూ ముట్టుకోలేదు. వీరాస్వామిదీ అలాంటిదే అనుకున్నాడు. వేప్పనపల్లి మనిషి, వయసు యాభై రెండు. ఫార్గో కొన్న నాటి నుంచి దాని మీద వేరే డ్రైవర్ కూర్చోలేదు. వాసవాంబ భర్త శ్రీరంగయ్య పోయి పదకొండేళ్ళయింది. కృష్ణగిరి పాతపేటలో మామిడికాయల మండీని, ఈ లారీని అప్పటి నుంచి ఆమే చూసుకుంటోంది. మండీలో గుమాస్తాలు ముగ్గురు మారారు. లారీ మీద మాత్రం వీరాస్వామే ఉన్నాడు.

తొమ్మిదింటికల్లా నాలుగు రబ్బర్లూ ఇంజన్ కాళ్ళ కింద కూర్చున్నాయి. శేషప్ప బోల్టులు బిగిస్తుంటే వీరాస్వామి చూస్తూ నిలబడ్డాడు గాని చెయ్యి వేయలేదు.

వ్యవధి లేదు. ఇంజన్ మారితే నంబరు మారుతుంది. కొత్త నంబరు ఆర్సీ పుస్తకంలోకి ఎక్కాలంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూడాలి. ఆయన కృష్ణగిరికి నెలకొకసారి వస్తాడు. ఆ రోజు రేపు, బుధవారం. పది గంటలకు బండి అక్కడ ఉండాలి. ఆయన డ్రైవర్ పక్కన కూర్చుని బండిని ఒక మైలు తోలిస్తాడు. రేపు తప్పితే ఇంకో నెల. అప్పటికి మామిడికాయలు అయిపోతాయి.

డీజిల్ పైపుల్లో గాలి తీసి, పదకొండు గంటలకు శేషప్ప స్టార్ట్ చేయమన్నాడు. మొదటి రెండుసార్లు తిరిగి ఆగిపోయింది. మూడోసారి పట్టుకుంది. రోడ్డు అవతల టీ అంగట్లో ఉన్నవాళ్ళు లేచి వచ్చారు. శేషప్ప రేడియేటర్ మీద గ్లాసుతో నీళ్ళు పెట్టాడు. నీళ్ళు వణికాయి గాని ఒలకలేదు. రబ్బర్లు తమ పని తాము చేస్తున్నాయి.

"ఏమన్నా, ఇప్పుడేమంటావు?" అన్నాడు.

వీరాస్వామి సీట్లో నుంచి గ్లాసు వైపు చూశాడు. 

ఖాళీ బండితో పేరండపల్లి దాకా పోయి రావాలని బయల్దేరారు. ఆ లారీ గేర్‌బాక్సు పాత పద్ధతిది. గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. ఆ రెండు తొక్కుళ్ళ నడుమ ఇంజన్ వేగాన్ని సరిగ్గా అందుకోవాలి. వేగం చెప్పే మీటరు ఆ బండిలో పనిచేయడం మానేసి పదేళ్ళు దాటింది. డ్రైవరే తెలుసుకోవాలి. వీరాస్వామి గేరు మారిస్తే పక్కన నిద్రపోయేవాడికి మెలకువ రాదని ఆ రోడ్డు మీద పేరు.

ఆ రోజు రెండో గేరులో ఇంజన్ అరుస్తోంది. వీరాస్వామి మార్చలేదు. కొత్త ఇంజన్‌ను మొదటి రెండు వేల కిలోమీటర్లు మెల్లగా తోలాలి. శేషప్ప, "మార్చన్నా," అన్నాడు. అతను రోడ్డు చూస్తూనే ఉన్నాడు. శేషప్ప భుజం తట్టాడు. అప్పుడు మార్చాడు. గేరు పళ్ళు కరకరలాడాయి. శేషప్ప తన పళ్ళు తానే కొరుక్కున్నట్టు ముఖం పెట్టాడు. వెనక ఒక బస్సు కిలోమీటరు దూరం హారన్ కొట్టుకుంటూ వచ్చింది. చివరికి మట్టిలోకి దిగి దాటింది. దాని డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి తమిళంలో వీరాస్వామి ముత్తాత దాకా పోయాడు.

తిరుగు ప్రయాణంలోనూ అదే తీరు. షెడ్డు ముందు బండి ఆపి దిగాక వీరాస్వామి అన్నాడు. "రబ్బర్ల పని. బండి చచ్చినట్లుంది. కాలికి ఏమీ తెలీలేదు."

"కాలికి తెలిసేదేముందన్నా? చెవితో విను."

వీరాస్వామి చేతులు కడుక్కోవడానికి పోయాడు.

ఒంటిగంటకు శేషప్ప భార్య తాయారమ్మ అన్నం తెచ్చింది. ఇద్దరికీ వడ్డించింది. తిన్నాక వీరాస్వామి లేచి వెళ్ళి బండెక్కి కూర్చున్నాడు. తాయారమ్మ గిన్నెలు సర్దుతూ మెల్లగా అంది.

"అన్నకు రసం పోసేదా అని మూడుసార్లు అడిగినాను. పలకడు. నా ముఖం చూసినాక చాలమ్మా అంటాడు. ఏమైంది మీకు?"

"ఇనుప పలకల కోపం."

"కోపం నీ మీద గదా. నా రసం మీద ఏంటికి?"

ఆమె వెళ్ళిపోయింది.

రెండు గంటలకు మళ్ళీ పని మొదలైంది. డీజిల్ ఇంజన్‌ను ఆపాలంటే డ్రైవర్ దగ్గర ఒక పిడి లాగాలి. దాని కేబుల్ పంపు మీది చిన్న మీటను లాగుతుంది. కేబుల్ కొంచెం వదులుగా ఉందని శేషప్ప అనుమానం. వీరాస్వామిని సీట్లో కూర్చోబెట్టి, స్టార్ట్ చేసి కొంచెం పెంచి పట్టుకోమన్నాడు. తను బానెట్ కింద తల పెట్టి, కేబుల్ పని అయ్యాక, ఎంత దూరం లాగితే ఆగుతుందో చూద్దామని మీటను వేలితో లాగాడు.

ఇంజన్ ఆగింది. రోడ్డు అవతల టీ అంగట్లో గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఇంకా పెంచేదా?" అని వీరాస్వామి అరిచాడు.

ఇంజన్ పక్కనుంటే ఎవరైనా అరుస్తారు. ఆగితే గొంతు దానంతటదే తగ్గుతుంది. శేషప్ప తల బయటికి తీసి చూశాడు. వీరాస్వామి ముఖం రోడ్డు వైపు ఉంది. కుడికాలు యాక్సిలరేటర్ మీద ఉంది. అతను దాన్ని తొక్కుతూనే ఉన్నాడు.

"ఎంతసేపప్పా ఇట్ల తొక్కుకోని ఉండేది? డీజిల్ నీ అబ్బ సొమ్మా?"

ఆ కేకకు టీ అంగడివాడు గ్లాసు చేతిలో పట్టుకుని తలెత్తి చూశాడు. బండి నిశ్శబ్దంగా ఉంది. లోపల డ్రైవర్ అరుస్తున్నాడు. టీ అంగడివాడికి అది తమాషా అనిపించిందేమో, నవ్వి మళ్ళీ గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

శేషప్ప చేతులు తుడుచుకున్నాడు. బానెట్ చుట్టి వచ్చి, డ్రైవర్ తలుపు దగ్గర వీరాస్వామికి కనబడేలా నిలబడ్డాడు. గొంతు పెంచకుండా అడిగాడు.

"ఇంజన్ నడస్తా ఉందా అన్నా?"

వీరాస్వామి అతని నోటి వైపు చూశాడు. తర్వాత తన కాలు వైపు చూసుకున్నాడు. యాక్సిలరేటర్ ఒకసారి తొక్కి వదిలాడు. అరచేతిని స్టీరింగ్ వెనక ఉన్న రేకు మీద ఆనించి కాసేపు ఉంచాడు. చెయ్యి తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

"ఎప్పుడు ఆగింది?"

"నువ్వు మొదట అరవకముందే."

వీరాస్వామి దిగలేదు. శేషప్ప ఎక్కి ఇటు పక్క కూర్చున్నాడు. అతనికి ముఖం కనబడేలా కాళ్ళు మడిచి అటు తిరిగి కూర్చున్నాడు. ఈ మనిషితో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఎదురుగానే నిలబడ్డానని, అతనే తిరిగి నిలబడేవాడని అప్పుడు గుర్తుకొచ్చింది.

"ఎన్నాళ్ళయింది?"

"కుడి చెవి పోయి ఎనిమిదేండ్లు. ఎడమది కొంచెం కొంచెంగా పోయింది. ఈ రెండేండ్లుగా అస్సలు లేదు. నోరు చూస్తే తెలుస్తుంది. మనోళ్ళది సులువు. తమిళమోళ్ళు గబగబా అంటారు, కష్టం. పోలీసోళ్ళది అన్నిటికన్నా సులువు, వాళ్ళు అడిగేది ఒకటే."

శేషప్ప నవ్వలేదు. "హారన్?"

"క్లీనర్ మారియప్ప ఉండె గదా. వెనక హారన్ పడితే తలుపు మీద చేత్తో కొట్టేవాడు. ఒక దెబ్బ అంటే దారి ఇయ్యి. రెండంటే ఆపు. క్లీనర్లందరూ కొట్టేదే, ఎవరికి అనుమానం వస్తుంది? వానికి ఒక్కనికే తెలుసు. పోయిన నెల వాడు ఫ్యాక్టరీలో చేరినాడు. కాకీ బట్టలు, క్యాంటీన్‌లో భోజనం. ఉండరా అని నేను ఏ ముఖంతో అడిగేది?"

"ఇంజన్‌కు?"

"ఇంజన్‌కు ఎవురూ అక్కరలేదు." వీరాస్వామి ఎడమకాలు చాపి చూపించాడు. చెప్పులు లేవు. అతను చెప్పులతో బండి తోలడం శేషప్ప ఎప్పుడూ చూడలేదు. "పాతది నాకు కాలితో చెప్పేది. రెండో గేర్లో మడమ కాడ. మూడులో పాదం నడుమ. టాపులో పడినాక వేళ్ళ కాడికి వస్తుంది. కుందారపల్లి దాటినాక ఆ ఎత్తులో బండి అలిసిపోతే పిక్కలోకి ఎక్కుతుంది, అప్పుడు గేరు దించాల. నీ రబ్బర్లు పెట్టినాక పొద్దున్నుంచి కాలు చెక్క మీద పెట్టుకోనుంటే మంచం మీద పెట్టుకున్నట్లుంది."

ఆరేళ్ళ క్రితం ఇనుప పలకలు ఎందుకు పెట్టించాడో శేషప్పకు ఇప్పుడు అర్థమైంది. దానితోపాటు ఇంకొకటి గుర్తుకొచ్చింది. ఈ బండి సైలెన్సర్‌ను పదేళ్ళ క్రితం తనే కోశాడు. లోపల చప్పుడును తగ్గించే రేకులు తీసి పారేస్తే ఘాటు ఎక్కేటప్పుడు బండి బలంగా లాగుతుందని ఈ రోడ్డు మీద తిరిగే డ్రైవర్లందరూ నమ్మేవారు. లాగేదో లేదో ఎవరూ కొలవలేదు. చప్పుడు మాత్రం రెండింతలయ్యేది. బలం వచ్చిందని ఆ చప్పుడును చూసే అనుకునేవారు. ఆ రోజు వీరాస్వామి అడిగాడు, తను అరగంటలో చేసి ఇచ్చాడు. ఆ తర్వాత ఎన్ని బండ్లకు అదే పని చేశాడో గుర్తు లేదు.

"సైలెన్సర్ నేనే కోసినాను," అన్నాడు.

"నేనే కోయించినాను," అన్నాడు వీరాస్వామి. "నువ్వు కోయకపోతే సూళగిరిలో ఇంకొకడు కోసేవాడు. అది వదిలెయ్. ఇనుప పలకలు పెట్టు శేషప్పా. నాకు లారీ తప్ప ఇంకొకటి తెలీదు. అమ్మకు తెలిస్తే రేపే దించుతుంది. దించేది న్యాయం గూడా. నేను ఓనరైతే నేనూ దించుతాను."

"పెట్టను."

"పెట్టకపోతే రేపు గేరు పళ్ళు పోతాయి. పెడితే ఆర్నెల్లకు కాలు పోతుంది. ఆర్నెల్లు ఎక్కువ గదా."

"పెట్టనన్నా. ఆ ఇంజన్ నా చేత్తో బండిలోకి దించినాను. పగులుతుందని తెలిసి నేను బిగించను."

శేషప్ప కాళ్ళ కింది చెక్కల వైపు చూశాడు. లారీ క్యాబిన్‌కు నేల చెక్కపలకలది. వాటి సందుల్లోంచి ఇంజన్ వెనక కాలు కనబడుతోంది. రబ్బరు ఆ కాలి కింద ఉంది. ఛాసిస్ రబ్బరు కింద ఉంది. ఊపు రబ్బరు దగ్గర ఆగిపోతుంది. రబ్బరు పైన మాత్రం ఆగదు.

అతను దిగిపోయాడు. మూలనున్న పాత ఇనుములో వెతికి అరంగుళం కడ్డీ ఒకటి తెచ్చాడు. మూరెడు కోశాడు. ఒక కొసను కాల్చి చదును చేసి బోల్టుకు రంధ్రం వేశాడు. రెండో కొసకు రాజప్ప చేసిన పలకల్లో ఒకదాన్ని అతికించాడు. ఏం చేస్తున్నావని వీరాస్వామి అడిగాడు. శేషప్ప చేతిలో పని ఉండగా మాట్లాడడు. వీరాస్వామికి అది పందొమ్మిదేళ్ళుగా తెలుసు. మళ్ళీ అడగలేదు.

చెక్కపలకలో క్లచ్‌కు ఎడమ పక్క రెండంగుళాల రంధ్రం పడింది. కడ్డీ ఆ రంధ్రంలోంచి కిందికి పోయి, ఇంజన్ వెనక కాలికి రబ్బరు పైభాగాన బిగిసింది. కడ్డీ చెక్కకు ఎక్కడా తగలకుండా శేషప్ప చుట్టూ వేలు పెట్టి చూశాడు. తగిలితే ఇంజన్ ఊగినప్పుడు చెక్క విరుగుతుంది. పైన అరచెయ్యంత ఇనుము, చెక్కకు అంగుళం ఎత్తులో నిలిచింది. అప్పటికి నాలుగున్నర.

"కాలు పెట్టు."

వీరాస్వామి ఎడమకాలు దాని మీద పెట్టాడు. శేషప్ప స్టార్ట్ చేశాడు.

వీరాస్వామి మొదట కదల్లేదు. తర్వాత కాలు తీసి, లుంగీతో పాదం తుడుచుకుని, మళ్ళీ పెట్టాడు. మడమ, పాదం నడుమ, వేళ్ళు, ఒకదాని తర్వాత ఒకటి ఆనించి చూశాడు.

"ఇది వేరే మనిషి," అన్నాడు. "గొంతు వేరే."

"కండ్లు మూసుకో."

శేషప్ప పంపు దగ్గరికి పోయాడు. పెంచాడు. "ఎక్కింది," అని సీట్లోంచి మాట వచ్చింది. తగ్గించాడు. "దిగింది." మెల్లగా, చాలా మెల్లగా పెంచుతూ పోయాడు. "ఈడ మూడో గేరు," అన్నాడు వీరాస్వామి. శేషప్ప చెవికి కూడా మూడో గేరు అక్కడే. మీట లాగాడు. "చచ్చింది."

మళ్ళీ తనే స్టార్ట్ చేశాడు. ఈసారి ఇంజన్ వేగం ముట్టుకోలేదు. ఒక సిలిండర్‌కు పోయే డీజిల్ పైపు మర సగం చుట్టు వదులు చేశాడు. ఆరింటిలో ఒకటి పనిచేయడం మానేసింది. మెకానిక్ కానివాడు విన్నా తేడా పట్టుకోలేడు.

సీట్లో వీరాస్వామి పాదాన్ని ఇనుము మీద ముందుకూ వెనక్కూ జరిపాడు. "ఒకటి పలకడం లేదు," అన్నాడు వీరాస్వామి. కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాడు. "యాదో చెప్పమంటావా?"

"సుమ్మనే ఉండన్నా, ఇంక చాలు," అన్నాడు శేషప్ప. ఎలాగూ వినపడదని గుర్తుకొచ్చి, మర బిగించి, వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ రోజు పొద్దున్నుంచి వీరాస్వామి నవ్వడం అదే మొదటిసారి. బండి దిగి, కొళాయి దగ్గర బకెట్ నింపుకుని వచ్చి, గుడ్డ తడిపి బానెట్ తుడవడం మొదలుపెట్టాడు. శేషప్ప అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఇంజన్ సంగతి అయింది. రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పక్కన కూచుంటాడు. ఆపు అంటాడు, తిప్పు అంటాడు. నువ్వు రోడ్డు చూస్తావా, ఆయన నోరు చూస్తావా?"

"నువ్వు నడుమ కూచో. మోకాలితో తట్టు. మారియప్ప లెక్కనే. ఒకటి, రెండు."

"రేపు నేను తడతాను. ఎల్లుండి?"

"మంచి క్లీనర్ ఒకడు దొరికేదాకా నెమ్మదిగా తోలతాను."

వీరాస్వామి గుడ్డ పిండి మళ్ళీ తడిపాడు.

"అమ్మకు చెప్తావా?"

"తెలీదన్నా," అన్నాడు శేషప్ప. అది నిజం. పదకొండేళ్ళలో వాసవాంబకు అతను ఒక్క అబద్ధం చెప్పలేదు. పాత ఇంజన్‌ను ఇంకొకసారి బోరు చేయించి బాగుచేస్తే తనకు ఇంకో పని దొరికేది. అయినా అది దండగమ్మా, కొత్తది తెప్పించు అని చెప్పింది తనే. ఆమె ఇంకెవరినీ అడక్కుండా తెప్పించింది. ఇప్పుడు ఆ బండిలో కూర్చునేవాడి గురించి దాచాలి. దాచకుండా చెప్పాలంటే, కాలితో ఆరో సిలిండర్ దాకా లెక్కపెట్టే మనిషిని వేప్పనపల్లికి పంపి మామిడితోటకు కాపలా కూర్చోబెట్టాలి. రేపు పొద్దున బండి కదిలేలోగా ఏదో ఒకటి తేల్చుకుందామనుకుని, స్పానర్లు ఏరి పెట్టెలో వేస్తున్నాడు.

ఐదు దాటాక కృష్ణగిరి బస్సు రోడ్డు పక్క ఆగింది. వాసవాంబ దిగింది. రేపు పొద్దున బండి పూజకు వస్తానన్న మనిషి ఈ రోజే వచ్చింది. చేతిలో గుడ్డసంచి ఉంది. పైన నిమ్మకాయలు కనబడుతున్నాయి. ఆమె రోడ్డు దాటి వచ్చి షెడ్డు ముందు నిలబడింది. శేషప్ప లేచి దండం పెట్టాడు. ఆమె తల ఊపి, లారీని ముందు నుంచి వెనకదాకా ఒకసారి చూసింది. వీరాస్వామి ఆమెకు వీపు పెట్టి ఉన్నాడు. కుడిచెయ్యి మడ్‌గార్డు మీద ఆనించి, ఎడమచేత్తో హెడ్‌లైటు తుడుస్తున్నాడు.

"ఇంజన్ ఎట్లుంది?" అంది వాసవాంబ.

"బాగుందమ్మా," అన్నాడు శేషప్ప. "పేరండపల్లి దాకా పోయొచ్చినాము. నీళ్ళ గ్లాసు పెట్టి చూసినాను, ఒక చుక్క ఒలకలేదు."

"నిన్ను అడగలేదప్పా."

ఆమె సంచిని బెంచీ మీద పెట్టింది. వీరాస్వామికి నాలుగడుగుల వెనక నిలబడింది. గొంతు పెంచలేదు. మండీలో ఎదుటి మనిషితో మాట్లాడినట్టే అడిగింది.

"వీరాస్వామీ, ఇంజన్ ఎట్లుంది?"

వీరాస్వామి గుడ్డ మడిచి, హెడ్‌లైటు అంచును తుడిచాడు.

శేషప్ప చేతిలో ఇంకా ఒక స్పానర్ ఉంది. మడ్‌గార్డు ఇవతలి కొస అతనికి జానెడు దూరంలో ఉంది. ఇక్కడ చిన్న దెబ్బ పడితే చాలు, అది వీరాస్వామి అరచేతికి తెలుస్తుంది. అతను వెనక్కి తిరిగి అమ్మను చూస్తాడు.

శేషప్ప తల తిప్పాడు. వాసవాంబ వీరాస్వామి వైపు చూడటం లేదు. స్పానర్ పట్టుకున్న చేతి వైపు చూస్తోంది.